జైలు గేటు దాటాక ఏమవుతుంది? బెల్‌ఫాస్ట్ గొడవల మీద 5 సినిమాలు, వాటిలో మీకు సరిపోయేది ఏది

మొన్న శనివారం రాత్రి పదకొండింటికి మా బామ్మర్ది మెసేజ్ పెట్టాడు. "బావా, అరగంట దాటింది, బాక్సర్ అని పేరు పెట్టి ఇంతవరకూ ఒక్క సరైన ఫైట్ లేదు, ఆపేయనా?"

తప్పు నాదే. 'ది బాక్సర్' చూడరా, చాలా బాగుంటుంది అని చెప్పింది నేనే, కానీ అది ఎలాంటి సినిమానో చెప్పలేదు. వాడేమో పేద కుర్రాడు, కోచ్ చేతిలో స్టాప్‌వాచ్, చివర్లో నాకౌట్ అనుకుని చిప్స్ ప్యాకెట్‌తో కూర్చున్నాడు. తెర మీదికి వచ్చిందేమో 14 ఏళ్లు జైల్లో గడిపి, బయటికొచ్చాక మనుషులతో ఎలా మాట్లాడాలో కూడా మర్చిపోయిన ఒక మనిషి.

బెల్‌ఫాస్ట్ రాజధానిగా ఉన్న ఉత్తర ఐర్లాండ్ గొడవల మీద మంచి సినిమాలు చాలా ఉన్నాయి. ఇబ్బంది ఏంటంటే ఇవన్నీ ఒకే జాబితాలో పక్కపక్కన కనిపిస్తాయి, పోస్టర్లన్నీ ఒకేలా బూడిద రంగులో ఉంటాయి, లోపల మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ఒకటి ఇంట్లో అందరితో కలిసి చూడొచ్చు, ఇంకొకటి అన్నం తింటూ చూస్తే ప్లేటు పక్కన పెట్టాల్సిందే. నేను రెండేసి మూడేసి సార్లు చూసిన ఐదింటిని తీసుకుని ఎవరికి ఏది సరిపోతుందో చెప్తాను.

గొడవ ఏంటో రెండు ముక్కల్లో

ఇది తెలియకపోతే ఐదింటిలో మూడు అర్థం కావు, అందుకే ముందే చెప్పేస్తున్నా. 1921లో ఐర్లాండ్‌ని విడగొట్టినప్పుడు ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌తోనే ఉండిపోయాయి. అక్కడ అప్పట్లో ప్రొటెస్టెంట్లు ఎక్కువ, వాళ్లలో చాలామందికి బ్రిటన్‌తోనే ఉండాలని. క్యాథలిక్కులు తక్కువ, వాళ్లలో చాలామందికి మిగతా ఐర్లాండ్‌తో కలవాలని. బయటి నుంచి చూస్తే మత గొడవలా కనిపిస్తుంది గానీ అక్కడ ఎవరూ బైబిల్ గురించి కొట్టుకోలేదు. ఉద్యోగం ఎవరికి, ప్రభుత్వ ఇల్లు ఎవరికి, ఓటు విలువ ఎవరికి, ఆఫీసు మీద ఏ జెండా ఎగరాలి, ఇదీ అసలు గొడవ. 1960ల చివర్లో అంటుకుంది, 1969లో బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి దిగింది, 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరేదాకా దాదాపు 3,500 మంది చనిపోయారు. మొత్తం జనాభా పదిహేను లక్షల చిల్లర ఉన్న చోట ఇన్ని చావులంటే, దాదాపు ప్రతి ఇంటికీ తెలిసినవాళ్లు ఎవరో ఒకరు పోయినట్టే.

ఐఆర్ఏ అంటే ఐర్లాండ్ ఏకం కావాలని తుపాకులు, బాంబులు పట్టినవాళ్లు. అవతలి వైపు బ్రిటన్‌కి కట్టుబడిన సాయుధ ముఠాలు, వాళ్లని లాయలిస్టులు అంటారు. మధ్యలో సైన్యం, పోలీసు. ఈ మాత్రం గుర్తుంటే చాలు.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీకు కావాల్సింది గొడవా, జైలా, జైలు తర్వాతి బతుకా. నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఈ సినిమాల్లో ఎక్కువ భాగం జైలు గేటు దగ్గరో కోర్టు గుమ్మం దగ్గరో ఆగిపోతాయి. రెండోది, పక్కన ఎవరు కూర్చుంటారు. మూడోది, చరిత్ర ఎంత తెలిసుండాలి.

ఇక యాస. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బెల్‌ఫాస్ట్ వాళ్లు 'నౌ' అన్నా మన చెవికి 'నై' అని పడుతుంది, ఆఫీసులో రోజంతా ఇంగ్లీష్ కాల్స్ మాట్లాడేవాళ్లు కూడా మొదటి పది నిమిషాలు బిత్తరపోతారు. మొహమాటపడకుండా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. నేను ఇప్పటికీ పెట్టుకుంటా.

| సినిమా | ఏడాది, నిడివి | ప్రధానంగా దేని గురించి | చూడ్డానికి ఎంత కష్టం | ఎవరితో చూడొచ్చు |
|---|---|---|---|---|
| ది బాక్సర్ | 1997, 113 నిమిషాలు | జైలు తర్వాత బతుకు, పాత ప్రేమ | మధ్యస్థం | భార్యాభర్తలు, పెద్ద పిల్లలు |
| ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్ | 1993, 133 నిమిషాలు | తప్పుడు కేసు, తండ్రీకొడుకులు | మధ్యస్థం, కోపం తెప్పిస్తుంది | పెద్దవాళ్లు ఎవరైనా |
| హంగర్ | 2008, 96 నిమిషాలు | జైల్లో నిరాహార దీక్ష | చాలా కష్టం | ఒంటరిగా |
| '71 | 2014, 99 నిమిషాలు | ఒక్క రాత్రి, తప్పిపోయిన సైనికుడు | టెన్షన్, రక్తం | థ్రిల్లర్ ఇష్టపడే ఫ్రెండ్స్ |
| బెల్‌ఫాస్ట్ | 2021, 98 నిమిషాలు | తొమ్మిదేళ్ల పిల్లాడి కళ్లతో 1969 | తేలిక | ఇంటిల్లిపాదీ |

ది బాక్సర్

దర్శకుడు జిమ్ షెరిడన్, టెర్రీ జార్జ్‌తో కలిసి రాశాడు. డానీ ఫ్లిన్‌గా డేనియల్ డే-లూయిస్. పద్దెనిమిదేళ్లప్పుడు ఐఆర్ఏ పనిలో దొరికిపోయి లోపలికెళ్లాడు, ఎవరి పేరూ బయటపెట్టలేదు, ముప్పై రెండేళ్లకి బయటికొచ్చాడు. అప్పట్లో ప్రేమించిన మ్యాగీ (ఎమిలీ వాట్సన్) ఈలోగా ఇతని ప్రాణస్నేహితుణ్ని పెళ్లి చేసుకుంది, ఆ స్నేహితుడు ఇప్పుడు ఐఆర్ఏ ఖైదీగా జైల్లో ఉన్నాడు, ఆమెకి ఎదిగే కొడుకు ఒకడు. ఆమె తండ్రి ఆ ప్రాంతపు ఐఆర్ఏ పెద్ద.

పీటముడి అంతా ఇక్కడే ఉంది. ఖైదీ భార్య ఇంకో మగాడితో నవ్వుతూ మాట్లాడినా అది ఆమె సొంత విషయం కాదు, మొత్తం పోరాటానికే ద్రోహం. లోపల మొగుడు శిక్ష అనుభవిస్తుంటే బయట ఆమె కూడా అనుభవించాలి. ఈ రూల్ ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ వీధిలో ప్రతి కిటికీ వెనకా ఒక కాపలా. డానీ, మ్యాగీ పక్కపక్కన నడుస్తుంటే ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీని సినిమా దాదాపు చివరిదాకా అలాగే ఉంచుతుంది. పైన సైన్యం హెలికాప్టర్ తిరుగుతూ ఉంటుంది, కింద సొంతవాళ్ల చూపులు. ప్రేమకథ అంటే పాటలు, పరుగులు అనుకునేవాళ్లకి ఇది ఉక్కపోత. నాకు మాత్రం ఆ చేతులు తగలకుండా నడిచే సీన్లే సినిమా అంతటికీ ఊపిరి.

మరి బాక్సింగ్? ఉంది, బాగుంది, కానీ గెలుపు కోసం కాదు. డానీ తాగుబోతుగా మారిన తన పాత కోచ్‌ ఐక్‌ని (కెన్ స్టాట్, ఈయన కోసమైనా చూడాలి) వెతికి పట్టుకుని, మూతపడిన జిమ్‌ని మళ్లీ తెరుస్తాడు, రెండు వైపుల పిల్లలూ రావచ్చు అంటాడు. ఇది కల్పన కాదు. ఉత్తర బెల్‌ఫాస్ట్‌లో హోలీ ఫ్యామిలీ అనే క్లబ్ నిజంగానే ఉంది, జెర్రీ స్టోరీ అనే కోచ్ గొడవలు నడుస్తున్న ఏళ్లలోనూ రెండు వర్గాల పిల్లలకీ అక్కడ నేర్పాడు. ఇక డే-లూయిస్‌కి రింగ్‌లో నేర్పింది బ్యారీ మెక్‌గ్విగన్. 1985 జూన్‌లో లండన్‌లో యూసెబియో పెడ్రోజాని ఓడించి ఫెదర్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, ఏ జెండా రంగులూ వేసుకోకుండా శాంతి పావురం గుర్తుతో రింగ్‌లోకి దిగేవాడు, అందుకే రెండు వైపులవాళ్లూ ఆయన మ్యాచ్‌లకి వచ్చేవాళ్లు. అలాంటి మనిషి దగ్గర నటుడు ఏళ్ల తరబడి సాధన చేశాడంటే తెర మీద తేడా తెలుస్తుంది. గార్డ్ పెట్టే తీరు, దెబ్బ తిన్నాక కాళ్లు సర్దుకునే తీరు చూడండి, సినిమా హీరో కాళ్లలా ఉండవు.

లండన్‌లో ఒక మ్యాచ్ ఉంటుంది. కోటు, బో టై వేసుకున్న పెద్దమనుషులు డిన్నర్ టేబుళ్ల దగ్గర కూర్చుని చూస్తుంటారు. అవతలివాడు నైజీరియన్ బాక్సర్, మొహం పగిలిపోయినా పడిపోడు, రిఫరీ ఆపడు. ఇంకో గుద్దు వేస్తే గెలుపు. అక్కడ డానీ ఏం చేస్తాడో చెప్పను, మా బామ్మర్ది మాత్రం ఆ సీన్ దగ్గర తిట్టుకున్నాడట.

మైనస్సులు లేవా అంటే ఉన్నాయి. చివరి అరగంటలో సినిమా హడావుడిగా థ్రిల్లర్ అయిపోతుంది. హ్యారీ అనే మొండి ఐఆర్ఏ వాడి పాత్రని మరీ విలన్‌లా కొట్టేశారు, అతనికీ ఒక బాధ ఉందని మధ్యలో ఒక్క మాట వస్తుంది గానీ దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఎక్కువ భాగం డబ్లిన్‌లో తీశారు, అది తెలిసినవాళ్లకి తప్ప మనకి పెద్ద తేడా ఉండదు. మన సినిమాల్లో జైలు నుంచి వచ్చిన హీరోకి ఊరి చివర జీపులు ఎదురొస్తాయి. ఇక్కడ హీరో ఇల్లు లేనివాళ్లు ఉండే హాస్టల్లో మంచం వెతుక్కుంటాడు. ఆ నిదానం మీకు పడుతుందా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్

అదే దర్శకుడు, అదే హీరో, అదే సహరచయిత, నాలుగేళ్ల ముందు. అందుకే ఈ రెండిటి మధ్యే ఎక్కువమంది తేల్చుకోలేకపోతారు.

1974 అక్టోబర్ 5న ఇంగ్లాండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో పబ్బుల్లో బాంబులు పేలి ఐదుగురు చనిపోయారు. పోలీసులు జెర్రీ కాన్లన్ అనే బెల్‌ఫాస్ట్ కుర్రాణ్ని, ఇంకో ముగ్గుర్ని పట్టుకుని బలవంతంగా ఒప్పుకోలు రాయించుకున్నారు. కొడుకుని కాపాడదామని వచ్చిన తండ్రి జుసెప్పేని కూడా లోపలేశారు. తండ్రి 1980లో ఖైదీగానే పోయాడు, కొడుకు 1989 అక్టోబర్‌లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఇదంతా చరిత్రే కాబట్టి స్పాయిలర్ కింద లెక్కేయకండి.

చరిత్ర ఏమీ తెలియకపోయినా పట్టేసుకునే సినిమా ఇదే. పోలీసు గదిలో సీన్లు చూస్తుంటే మన పేపర్లలో చదివిన కేసులు గుర్తొచ్చి కడుపు మండిపోతుంది. తండ్రి వేషంలో పీట్ పోస్ల్‌త్‌వెయిట్ గొంతు పెంచకుండా సినిమాని లాగేసుకుంటాడు. తండ్రి పోయిన రాత్రి ఖైదీలు కిటికీల్లోంచి కాగితాలు అంటించి వదులుతారు, ఆ మంట ముక్కలు చీకట్లో మెల్లగా దిగుతూ ఉంటాయి. నేనైతే రిమోట్ తీసుకుని అక్కడే ఆపి కాసేపు కూర్చున్నా.

ఒక హెచ్చరిక. ఇది నిజ కథ అయినా అక్షరాలా నిజం కాదు. తెర మీద ఉన్నట్టు తండ్రీకొడుకుల్ని ఏళ్ల తరబడి ఒకే గదిలో ఉంచలేదు, వాళ్ల కేసుల విచారణ కూడా విడివిడిగా జరిగింది. చరిత్ర పాఠంగా వాడుకుందామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మిగతావాళ్లకి దీనివల్ల పోయేదేమీ లేదు.

'ది బాక్సర్'తో తేడా ఎక్కడంటే, ఇది కోర్టు గుమ్మం దగ్గర, కేకల మధ్య, హీరో బయటికి రావడంతో ముగుస్తుంది. మర్నాడు పొద్దున్న అతను లేచి ఏం చేశాడు, పదిహేనేళ్లు పోగొట్టుకున్నవాడు ఎవరితో మాట్లాడాడు అన్నది ఇందులో ఉండదు. 'ది బాక్సర్' ఆ మర్నాడు పొద్దున్నే మొదలవుతుంది, కాకపోతే ఇంకో మనిషితో. అతను నిర్దోషి కూడా కాదు. నన్నడిగితే ఈ వరసలో చూడటం మంచిది, ముందు 'ఫాదర్', వారం తర్వాత 'బాక్సర్'. ఒకే రాత్రి రెండూ పెట్టుకోవద్దు, డే-లూయిస్ మొహం ఒకటే కాబట్టి కథలు కలిసిపోతాయి.

హంగర్

1981లో మేజ్ జైల్లో రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని బాబీ శాండ్స్ అనే ఐఆర్ఏ ఖైదీ, అతని వెనక ఇంకొందరు నిరాహార దీక్ష చేశారు. శాండ్స్ దీక్షలో ఉండగానే బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు, 66వ రోజున, మే 5న, చనిపోయాడు. మొత్తం పదిమంది పోయారు. దీక్షలంటే మనకి కొత్త కాదు, ప్రత్యేక రాష్ట్రం కోసం 58 రోజులు తిండి మానేసి ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములు గురించి చిన్నప్పటి నుంచి చదువుకున్నవాళ్లమే. కానీ పాఠ్యపుస్తకంలో చివరి రోజుల్లో ఒళ్లు ఎలా అవుతుందో రాయరు. స్టీవ్ మెక్వీన్ అది చూపిస్తాడు, మైకేల్ ఫాస్‌బెండర్ నిజంగానే అంత బరువు తగ్గి చూపిస్తాడు.

మలం పూసిన గోడలు, పురుగులు, లాఠీలు, మాటలు చాలా తక్కువ. మధ్యలో మాత్రం శాండ్స్, ఒక చర్చి ఫాదర్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సీన్, కెమెరా కదలకుండా పదిహేడు నిమిషాల దాకా ఒకే షాట్. ఆ సంభాషణ కోసమే ఈ సినిమా చూడొచ్చు. మంచి సినిమానా అంటే ఈ ఐదింట్లో సినిమాగా ఇదే గొప్పదేమో. మీకు రికమెండ్ చేస్తానా అంటే పది మందిలో ఇద్దరికి. ప్రేమ, బయటి జీవితం వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి ఇందులో ఏమీ లేదు. ఇదే దీక్షని అమ్మల వైపు నుంచి, ఇంత భయంకరంగా లేకుండా చూడాలంటే 1996లో హెలెన్ మిరెన్ చేసిన 'సమ్ మదర్స్ సన్' వెతకండి. దానికి దర్శకుడు పైన చెప్పిన టెర్రీ జార్జే.

'71

దీని గురించి తక్కువే చెప్తా. కొత్తగా చేరిన బ్రిటిష్ సైనికుడు అల్లర్లలో తన దళం నుంచి విడిపోయి, తెలియని వీధుల్లో ఒక రాత్రంతా ప్రాణాలు దక్కించుకోవాలి. ఎవరు ఎవరి మనిషో తెలియదు, మనకీ తెలియదు, అదే దీని బలం. చరిత్ర చదవకుండా చూసినా పని జరుగుతుంది. ఏమీ ఆలోచించకుండా సీటు అంచున కూర్చోవాలంటే ఇదే.

బెల్‌ఫాస్ట్

కెన్నెత్ బ్రానా తన చిన్నతనాన్ని గుర్తు చేసుకుంటూ తీసింది, దాదాపు అంతా బ్లాక్ అండ్ వైట్. రాసినందుకు ఆస్కార్ వచ్చింది. మొదటి సీన్లోనే బడ్డీ అనే పిల్లాడు చెత్తబుట్ట మూత డాలుగా పట్టుకుని వీధిలో ఆడుకుంటుంటాడు, రెండు నిమిషాల్లో గుంపు వచ్చి పడుతుంది, అదే మూతని అడ్డం పెట్టుకుని వాళ్లమ్మ రాళ్ల మధ్యలోంచి వాడిని ఇంట్లోకి లాక్కెళ్తుంది. ఇది ప్రొటెస్టెంట్ కుటుంబం అని గమనించండి, పైన చెప్పిన మొదటి మూడూ అవతలి వైపువి. నాన్న ఇంగ్లాండ్‌లో పని చేస్తూ వారాంతాల్లో వచ్చి పోతుంటాడు, వెళ్లిపోదామంటాడు, అమ్మకి ఆ వీధి వదలడం ఇష్టం లేదు. గల్ఫ్‌కో అమెరికాకో మనిషిని పంపిన ఏ తెలుగింట్లోనైనా వంటగదిలో జరిగే గొడవే అది. తాత, నానమ్మల సీన్లు అచ్చం మన ఇళ్లలోలాగే ఉంటాయి.

కొంచెం తియ్యగా ఉంటుంది, నిజమే. గొడవ ఎందుకో ఇందులో పెద్దగా అర్థం కాదు, తొమ్మిదేళ్ల పిల్లాడికి ఎంత అర్థమవుతుందో అంతే.

ఇక మీ సంగతి

బాక్సింగ్ కోసమే వచ్చారా? మొహమాటం లేకుండా చెప్తున్నా, వీటిలో ఏదీ వద్దు, 'ది బాక్సర్' కూడా. మూడు నాలుగు మ్యాచ్‌ల కోసం రెండు గంటలు కూర్చోవడం మీవల్ల కాదు.

ఇంట్లో అమ్మానాన్నలతో, పిల్లలతో అయితే 'బెల్‌ఫాస్ట్', ఇంకో ఆలోచన అక్కర్లేదు. నలుగురు ఫ్రెండ్స్, అర్ధరాత్రి, పెద్ద టీవీ అయితే '71'. కోర్టు కేసులు, పోలీసు అన్యాయం అంటే రక్తం మరిగేవాళ్లకి 'ఫాదర్'. సినిమా తీయడం మీద ఆసక్తి ఉన్నవాళ్లు 'హంగర్'కి ఒక ఆదివారం పొద్దున కేటాయించండి, రాత్రి వద్దు.

నడివయసుకి దగ్గరపడ్డవాళ్లు, ఏదో ఒకటి కొన్నేళ్లు పోగొట్టుకున్నవాళ్లు, దూరంగా ఉండి తిరిగొచ్చి చూస్తే ఇల్లు, మనుషులు మారిపోయినవాళ్లు, మీకు 'ది బాక్సర్'. జైలే కానక్కర్లేదు. వయసు ఇరవై అయితే ఇంకో పదేళ్లు ఆగండి, నాకూ మొదటిసారి నచ్చలేదు.

నాకు అది రెండోసారి ఎక్కడానికి కారణం వేరే. డబ్లిన్‌లో ఉండే ఫ్రెండ్ ఇంటికి వెళ్లినప్పుడు బస్సెక్కి బెల్‌ఫాస్ట్ వెళ్లాం, నల్ల ట్యాక్సీలో రెండు వర్గాల పేటల మధ్య కట్టిన గోడ చూడ్డానికి. శాంతి గోడ అంటారు దాన్ని, ఇంటి పైకప్పుల కంటే ఎత్తు. డ్రైవర్ మార్కర్ ఇచ్చి పేరు రాయండి అన్నాడు, రాశాం, ఫొటోలు దిగాం, పిక్నిక్ లాగే ఉంది. తిరిగొస్తుంటే రోడ్డుకి అడ్డంగా ఇనప గేటు కనిపించింది. ఇదేంటి అంటే, రాత్రిళ్లు మూసేస్తారు అన్నాడు. ఇంకానా అన్నాను. ఇంకానే అన్నాడు. ఒప్పందం కుదిరి పాతికేళ్లయింది అప్పటికి.

అన్నట్టు, మా బామ్మర్ది ఆపలేదు. ఒంటిగంట దాటాక ఇంకో మెసేజ్ వచ్చింది: "ఆ పిల్లాడిని తిట్టాలో జాలిపడాలో తెలియట్లేదు బావా." మ్యాగీ కొడుకు గురించి. వాడేం చేశాడో మీరే చూసుకోండి.